తలుపు సందులో చిట్టి వేళ్లు

(కోటబొమ్మాళిలో తల్లులకు, అంగన్‌వాడీ సిబ్బందికి ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఆసుపత్రి నర్సు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను రక్తపోటు గురించో, చక్కెర వ్యాధి గురించో చెబుతానని మీలో కొందరు అనుకొని ఉంటారు. అవి ఇంకోసారి చెప్పుకుందాం. ఈ రోజు తలుపు గురించి మాట్లాడుకుందాం. కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, పరవాలేదు. నేను చాలా ఏళ్లుగా గాయాలకు కట్లు కట్టే గదిలో పనిచేస్తున్నాను. పెద్దవాళ్లు ఏడిస్తే ఓర్చుకోగలను. రెండేళ్ల బిడ్డ వేలు పట్టుకొని, అంటుకుపోయిన గుడ్డను ఉప్పునీటితో తడిపి ఊడదీసేటప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ చేయి వణుకుతుంది. అటువంటి వేళ్లలో ఎక్కువ భాగం కత్తికి తెగినవి కావు, నిప్పుకు కాలినవీ కావు. తలుపు సందులో పడి నలిగినవి.

నా సంచిలో నాలుగు బెండకాయలు ఉన్నాయి. ఇదిగో, ఈ గది తలుపు బార్లా తెరిచాను. గడియ ఉన్న వైపు కాదు, ఇటు, మడతబందులు ఉన్న వైపు చూడండి. తలుపు రెక్కకూ ద్వారబంధానికీ మధ్య సందు కనిపిస్తోందా? నా బొటనవేలు సులువుగా పడుతోంది. ఇందులో ఒక బెండకాయ పెడుతున్నాను. అమ్మా, ముందు వరుసలో ఉన్న మీరే, ఒకసారి రండి. గడియ దగ్గర ఒక్క చేత్తో, మెల్లిగా, రోజూ ఇంట్లో తలుపు వేసినట్టే నెట్టండి. గట్టిగా వద్దు.

చూశారా? రెండు ముక్కలైంది. చప్పుడు కూడా రాలేదు. ఆవిడ మొహం చూడండి, చేతికి ఏమీ తగిలినట్టే అనిపించలేదంటున్నారు. నేను చెప్పదలచుకున్న దానిలో సగం ఇదే. తలుపు వేసే మనిషి చేతికి ఏమీ తెలియదు.

ఎందుకు తెలియదంటే, మీ ఇంట్లో తాంబూలం పళ్లెంలో ఉండే అడకత్తెరను తలచుకోండి. పోకచెక్కను ఎక్కడ పెడతారు? పిడుల చివర పెట్టరు. రెండు రెక్కలూ కలిసే మేకుకు దగ్గరగా పెడతారు. అక్కడ పెడితేనే మామ్మ చేతి బలానికి కూడా పోక పగులుతుంది. పలాసలో జీడిపిక్కలు కోసే పనికి వెళ్లే అక్కచెల్లెళ్లకు ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు. పిడి పొడుగ్గా ఉన్నకొద్దీ పిక్క తేలిగ్గా తెగుతుంది. తలుపు కూడా అంతే. అది నిలబెట్టిన పెద్ద అడకత్తెర. తలుపు వెడల్పు 75 సెంటీమీటర్లు అనుకుందాం. బిడ్డ వేలు మడతబందు ఇరుసుకు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. లెక్క వేస్తే ముప్పై రెట్లు. మీరు గడియ దగ్గర రెండు కిలోల బలంతో నెడితే ఆ వేలి మీద అరవై కిలోల బరువు పడుతుంది. అరవై కిలోలంటే ఒక పెద్దమనిషి ఆ చిన్న వేలి మీద ఎక్కి నిలబడినట్టు.

గడియ వైపు కూడా వేళ్లు నలుగుతాయి. నలగవని నేను అనడం లేదు. కానీ అటువైపు మీ కళ్లు ఉంటాయి, చేయి ఉంటుంది, ఏదైనా అడ్డు తగిలితే తెలుస్తుంది. మడతబందుల వైపు సంగతి వేరు. మీరు తలుపు లాగుతున్నప్పుడు ఆ తలుపు రెక్కే మీకు అడ్డుగోడ అవుతుంది. వెనుక ఎవరున్నారో కనబడదు. అందుకే ఆ వైపు గాయాలు తీవ్రంగా ఉంటాయి. ఎక్కువగా నలిగేది నడిమి వేలు. పొడుగ్గా ఉంటుంది కాబట్టి అందరికన్నా ముందు లోపలికి పోతుంది, అందరికన్నా చివర బయటికి వస్తుంది.

“మా వాడికి వంద సార్లు చెప్పాను సిస్టరమ్మా, తలుపు దగ్గరకు పోవద్దని” అంటారు తల్లులు. చెప్పండి, చెప్పడం మంచిదే. అయితే రెండేళ్ల బిడ్డ అక్కడ చేయి ఎందుకు పెడుతున్నాడో కూడా గమనించండి. వాడు అల్లరికి పెట్టడం లేదు. నడక ఇంకా సరిగా కుదరలేదు, గడప దాటాలి. పెద్దవాళ్లు మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకున్నట్టు వాడు ద్వారబంధం పట్టుకుంటాడు. వాడి చేయి అందే ఎత్తులో పట్టుకోవడానికి ఉన్నది ఆ అంచే. తలుపు తెరిచి ఉన్నప్పుడు అక్కడ సందు ఉంటుంది, మూసేటప్పుడు ఆ సందు పోతుంది అనే ఆలోచన ఆ వయసుకు రాదు. మూడు, నాలుగేళ్ల పిల్లలకైతే దాగుడుమూతలకు తలుపు వెనుక కంటే మంచి చోటు లేదు. ఆ సందులోంచి ఒక కన్ను పెట్టి చూస్తారు. కన్ను పెట్టిన చోటే వేళ్లూ ఉంటాయి.

అంగన్‌వాడీ కేంద్రం గురించి విడిగా చెప్పాలి. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైన నాటి నుంచి మన పల్లెల్లో తల్లులు పొలానికో, జీడి పనికో, చేపల బేరానికో వెళ్లాలంటే పిల్లలకు నీడ అదే. ఈ రోజు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల పరిస్థితి మీకు తెలియనిది కాదు. ఒక గది, ఒక తలుపు, ఒక టీచరు, ఒక ఆయా. కొన్ని కేంద్రాలు పిల్లల కోసం కట్టినవి కావు, ఎవరో కాపురం ఉండటానికి కట్టుకున్న ఇంట్లో అద్దెకు నడిచేవి. ఆ ఇంటి తలుపు పెద్దవాళ్ల చేతికి తగినట్టు చేసిన తలుపు. వర్షాకాలం వచ్చిందంటే చెక్క ఉబ్బుతుంది. ఉబ్బిన తలుపు గట్టిగా లాగితే గాని పడదు. గట్టిగా లాగడమంటే ఏమిటో ఇందాక బెండకాయ చెప్పింది.

ఇక్కడ అన్నిటికన్నా ప్రమాదమైన సమయం ఒకటుంది. అది ఆట సమయం కాదు. తల్లి బిడ్డను దింపి వెళ్లే సమయం. మీ అందరికీ ఈ దృశ్యం తెలుసు. తల్లికి పనికి ఆలస్యమవుతోంది. బిడ్డ కొంగు వదలడు. ఆయా బిడ్డను విడిపించి లోపలికి తీసుకుంటుంది. తల్లి గబగబా బయటికి నడుస్తుంది. బిడ్డ అమ్మ వెనకాలే పరుగెత్తుతాడు. రోడ్డు మీదకు పోతాడేమోనని ఆయా తలుపు లాగుతుంది. ఆ క్షణంలో బిడ్డ చేయి ఎక్కడుంది? ద్వారబంధం మీద. వాడి కళ్లు ఎక్కడున్నాయి? అమ్మ వీపు మీద. తల్లి వెనక్కి తిరగదు, తిరిగితే బిడ్డ ఇంకా ఏడుస్తాడని. ఆయా ఏడుపు వింటుంది కాని బిడ్డ అంతకు ముందు నుంచే ఏడుస్తున్నాడు కదా, ఇది వేరే ఏడుపని ఎలా తెలుస్తుంది?

ఒక బిడ్డ నా దగ్గరకు వచ్చింది అలాగే. ఊరు, కేంద్రం చెప్పను. ఆడపిల్ల, మూడేళ్లు ఇంకా నిండలేదు. జరిగిన నాడు తీసుకురాలేదు, మూడో రోజు తీసుకొచ్చారు. ఆయా భయపడింది. పని పోతుందని, ఊళ్లో మాట పడుతుందని, వేలికి కాఫీ పొడి అద్ది గుడ్డ చుట్టి, “పడిపోయింది” అని ఇంటికి పంపించింది. ఇంట్లో మామ్మ ఆ కాఫీ పొడి మీద పసుపు పెట్టింది. తల్లి రాత్రి పని నుంచి వచ్చి చూసి, పడుకుంది కదా లేపడం ఎందుకనుకుంది. మూడో రోజుకు వేలు వాచి, చీము పట్టి, జ్వరం వచ్చింది. గోరు మొదట్లో ఎముక విరిగి ఉందని ఎక్స్‌రేలో తెలిసింది. విరిగిన చోటుకు చీము చేరింది. ఆ వేలు దక్కింది, కాని కొస పొట్టిగా మిగిలింది, గోరు వంకరగా వచ్చింది. మొదటి రోజే వచ్చి ఉంటే దాదాపు మామూలు వేలయ్యేది. ఆ ఆయా కూడా బిడ్డతో పాటు వచ్చింది. గది బయట నేల మీద కూర్చొని “నాను సూడనేదమ్మా, తలుపేసీసినాను” అని అదే మాట అంటూ ఉండిపోయింది.

ఆమె అబద్ధం చెప్పలేదు. నిజంగానే చూడలేదు. ఆ చోట నిలబడి ఎవరు తలుపు వేసినా కనబడదు. ఆమెను తిట్టి పంపించి, ఇంకో ఆయాను పెట్టినా కనబడదు. బిడ్డకు బుద్ధి చెప్పడం, ఆయాను జాగ్రత్తగా ఉండమనడం, రెండూ చేసినా ఆ సందు అలాగే ఉంటుంది. కాబట్టి ముందు తలుపును బాగుచేయాలి.

ఎలాగో చెబుతాను. మొదటిది, మడతబందుల వైపు సందు మూయడం. నగరాల్లో పిల్లల బడులకు ఇందుకోసం ప్లాస్టిక్ పట్టీలు బిగిస్తున్నారు. పెద్ద హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి, ఫోనులో ఆర్డరు పెట్టినా వస్తాయి. అది కుదరని చోట మందపాటి రెక్సిన్ గాని, కాన్వాసు గాని జానెడు వెడల్పున కోయండి. పొడవు నేల నుంచి నాలుగు అడుగులు ఉంటే చాలు, పై భాగం పిల్లల చేతికి అందదు. ఒక అంచును ద్వారబంధానికి, రెండో అంచును తలుపు రెక్కకు పెట్టి, గుడ్డ మీద సన్నని చెక్క బద్ద వేసి చిన్న మేకులు కొట్టించండి. వట్టి మేకులు కొడితే పిల్లలు లాగి చింపేస్తారు, పైగా ఆ మేకులే గుచ్చుకుంటాయి. కొలత మాత్రం తలుపు పూర్తిగా తెరిచి ఉంచి తీసుకోవాలి. మూసి ఉంచి కొలిస్తే, తెరిచినప్పుడు గుడ్డ చిరుగుతుంది. తలుపు మూసినప్పుడు మిగిలిన గుడ్డ బయటికి మడత పడాలి, సందులోకి పోకూడదు. మీ ఊరి వడ్రంగికి ఇది అరగంట పని. తలుపుకు రెండు వైపులా చూడండి. ఒక వైపు సందు పెద్దగా కనిపిస్తుంది, రెండో వైపు మడతబందు ఇనుప రెక్కల దగ్గర చిన్నగా ఉంటుంది. చిన్నదని వదిలేయకండి, రెండేళ్ల పిల్ల వేలు కూడా చిన్నదే. నెలకు ఒకసారి ఆ గుడ్డ ఊడిందేమో టీచరు గారు చేత్తో తడిమి చూడాలి.

గుడ్డ పని అయ్యే వరకు? అప్పటికి ఒక పాత తువ్వాలు చాలు. నాలుగు మడతలు పెట్టి తలుపు రెక్క పైన, గడియ వైపు మూలకు దగ్గరగా వేలాడదీయండి. తలుపు ఎంత గట్టిగా కొట్టుకున్నా పూర్తిగా మూసుకోదు, గడియ వైపు వేలికి చోటు మిగులుతుంది. పైన వేయాలి, పిల్లల చేతికి అందకుండా. ఇది మడతబందుల వైపుకు పూర్తి రక్ష కాదు, ఆ సందు తలుపు సగం మూసేటప్పటికే బిగుసుకుంటుంది. అయినా ఏమీ లేనిదానికన్నా ఎంతో మేలు. ఇంట్లో కూడా, ముఖ్యంగా పండక్కి చుట్టాలు వచ్చి పదిమంది పిల్లలు గదుల్లో పరుగులు పెట్టేటప్పుడు, ఈ తువ్వాలు మరచిపోకండి.

రెండో సంగతి గాలి. మనది సముద్రపు పక్క ప్రాంతం. భావనపాడు వైపు, ఉద్దానం వైపు ఉన్నవాళ్లకు మధ్యాహ్నం గాలి ఎలా మళ్లుతుందో నేను చెప్పక్కర్లేదు. ఎదురెదురుగా రెండు తలుపులు తెరిచి ఉన్న గదిలో ఆ గాలి ఒక తలుపును ఎత్తి కొడుతుంది. మనిషి వేసిన తలుపు కంటే గాలి వేసిన తలుపు చెడ్డది, అది ముందు చూడదు, మధ్యలో ఆగదు. కాబట్టి పిల్లలు గదిలో ఉన్నంత సేపు తలుపు తెరిచి ఉంచితే తెరిచినట్టే ఉండాలి. గోడకు ఒక కొక్కెం, తలుపుకు ఒక రింగు. పెద్దవాళ్ల భుజం ఎత్తులో పెట్టించండి. కొక్కెం లేకపోతే కొబ్బరి తాడుతో కిటికీ ఊచకు కట్టండి. ఇటుక అడ్డం పెట్టడం మాత్రం వద్దు. పిల్లలు ఆ ఇటుకను తన్నుకొని పడతారు, లేదా ఆటకు ఎత్తుకుపోతారు. తలుపు మళ్లీ వదులు.

తుఫాను కబురు వచ్చిన రోజు సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన పలాస తీరాన్ని తాకినప్పుడు తలుపులు ఎలా కొట్టుకున్నాయో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి రాత్రుల్లో ఒకే బడి గదిలోకి, తుఫాను షెల్టరులోకి నాలుగు వీధుల పిల్లలు చేరతారు. చీకటి, హడావుడి, వచ్చేవాళ్లు పోయేవాళ్లు. అప్పుడు పిల్లల్ని గదిలో తలుపుకు ఎదురు మూలన కూర్చోబెట్టండి. తలుపు దగ్గర ఒక్క పెద్దమనిషిని నిలబెట్టండి. తెరవడం, వేయడం ఆ ఒక్కరి పనే.

మామూలు రోజుల్లో కేంద్రంలోనూ అంతే. తలుపు ఒక్కరి చేతిలో ఉండాలి. వేసే ముందు తలుపు వెనక్కి ఒక అడుగు వేసి చూడాలి. చూసి, “తలుపేస్తున్నా, చేతులు!” అని పిలవాలి. పిల్లలందరూ రెండు చేతులూ పైకెత్తాలి. పాటలాగా, ఆటలాగా నేర్పండి, వారం రోజుల్లో వచ్చేస్తుంది. మూడేళ్లు దాటిన పిల్లలు బాగా చేస్తారు. అంతకన్నా చిన్నవాళ్లు మరచిపోతారు, వాళ్ల చేతులు మనమే చూడాలి. దింపే సమయంలో తల్లులకు నాదొక విన్నపం. బిడ్డను గడప దగ్గర వదలకండి. ఏడ్చే బిడ్డనైనా సరే, గది మధ్యదాకా తీసుకెళ్లి ఆయా చేతిలో పెట్టి, ఆమె ఎత్తుకున్నాక మీరు బయటికి రండి. ఒక్క నిమిషం ఆలస్యమవుతుంది.

చెక్క తలుపు ఒక్కటే కాదు. బడి వరండాకు ఉండే కత్తెర గేటు లాగేటప్పుడు ఆ ఇనుప పట్టీల మధ్య సందులన్నీ ఒకేసారి మూసుకుంటాయి. పిల్లలు ఆ గేటుకు వేలాడటం నేను చాలా చోట్ల చూశాను. బీరువా తలుపు, దుకాణం షట్టరు, మరుగుదొడ్డి రేకు తలుపు, కారు తలుపు, అన్నిటిదీ ఇదే కథ. కారు తలుపు విషయంలో, పిల్లలు లోపల కూర్చొని చేతులు ఒడిలో పెట్టుకున్నాక, చూసి మీరే వేయండి. ఇంకో పిల్లాడి చేత వేయించకండి.

ఇంత చేసినా జరగదని నేను హామీ ఇవ్వలేను. జరిగితే ఏం చేయాలి?

ముందు తలుపు వదులు చేసి వేలు తీయండి, లాగవద్దు. బిడ్డను ఒడిలోకి తీసుకోండి. వేలికి తాడు, ఉంగరం ఏదైనా ఉంటే వాపు రాకముందే తీసేయండి. శుభ్రమైన నీళ్లు ధారగా పోసి కడగండి. శుభ్రమైన గుడ్డ పెట్టి, వదలకుండా పది నిమిషాలు మెత్తగా నొక్కి పట్టుకోండి. మధ్యలో ఆగిందా లేదా అని తీసి తీసి చూడవద్దు. చేయి గుండె కంటే ఎత్తులో ఉంచండి. చర్మం చిట్లకుండా వాపు మాత్రమే ఉంటే గుడ్డలో చుట్టిన చల్లని నీళ్ల సంచి ఆనించవచ్చు. వేలి మొదట్లో దారం బిగించి కట్టవద్దు, కొసకు రక్తం ఆగిపోతుంది.

కాఫీ పొడి, పసుపు, సున్నం, బూడిద, కిరసనాయిలు, ఇవేవీ వద్దు. మామ్మలు నా మీద కోప్పడకండి. పసుపు మంచిది కాదని నేను అనలేదు, కూరలో మంచిది. గాయంలో వేస్తే, కడిగి తీయడానికి బిడ్డను మేము మళ్లీ ఏడిపించాలి. లోపల ఎముక తేలిందా, గోరు కింద చర్మం తెగిందా అనేది కూడా ఆ పొడి కింద కనబడదు. ఊడివస్తున్న గోరును పీకవద్దు. ఆ గోరే అడుగున ఉన్న చర్మానికి మూత, దాన్ని కడిగి తిరిగి అమర్చడం కూడా ఉంటుంది.

వేలి కొస తెగిపోతే వెదకండి. తలుపు సందులోనే ఉంటుంది. దాన్ని నీళ్లతో కడిగి, తడి చేసి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచి తీసుకురండి. తెగిన ముక్కను నేరుగా ఐసు మీద పెడితే అది పాడైపోతుంది. 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో నడుస్తున్న సేవ అది, పెద్ద ప్రమాదాలకే అని ఎవరూ అనుకోవద్దు. దారిలో ఏడుపు మాన్పించడానికి బిస్కెట్లు, పాలు పట్టవద్దు. మత్తు ఇచ్చి కుట్లు వేయవలసి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. టీకాల కార్డు తెండి, ధనుర్వాతం టీకా ఎప్పుడు పడిందో చూడాలి. నొప్పి బిళ్లలు మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు వేయవద్దు. మూత్రపిండాల జబ్బు చూసిన మన ఉద్దానం వాళ్లకు నొప్పి మాత్రల సంగతి నేను కొత్తగా చెప్పాలా? బిడ్డకు మందు బరువును బట్టి ఉంటుంది, డాక్టరు గారు చెప్పినంతే.

ఏది చిన్న దెబ్బ, ఏది పెద్ద దెబ్బ అని తల్లులు అడుగుతారు. గోరు కింద కొంచెం నల్లగా మారి, బిడ్డ గంటలో ఆడుకుంటూ వేలు మామూలుగా ముడుస్తుంటే మరీ భయం లేదు. అయినా మర్నాడు ఒకసారి చూపించండి. గోరంతా నల్లబడి నొప్పికి నిద్రపోకపోయినా, గోరు మొదట్లో చర్మం నుంచి పైకి లేచినా, వేలు వంకరగా కనిపించినా, కొస తెల్లగానో నీలంగానో మారినా, ముడవలేకపోయినా, రక్తం ఆగకపోయినా, అదే రోజు రావాలి. గోరు మొదలు లేచిన దెబ్బను మేము ప్రత్యేకంగా చూస్తాం. కింద, గోరు పుట్టే చోటే, ఎముక విరిగి ఉండవచ్చు. ఇందాక చెప్పిన పాపకు జరిగింది అదే.

ఒక ధైర్యం కూడా చెప్పాలి. కొస తెగిందంటే తల్లిదండ్రులు బిడ్డ జీవితమే పోయినట్టు కూలబడిపోతారు. 1974లో ఇంగ్లండులోని షెఫీల్డు పిల్లల ఆసుపత్రికి చెందిన డాక్టర్ సింథియా ఇల్లింగ్‌వర్త్ ఇలా నలిగిన, కొస తెగిన పిల్లల వేళ్ల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. చివరి కణుపుకు పైన, కొస మాత్రమే తెగిన చిన్నపిల్లల్లో కుట్లు వేయకుండా, చర్మం అతకకుండా, శుభ్రమైన కట్టు కట్టి కనిపెట్టుకొని ఉంటే ఆ కొస, గోరుతో సహా, తిరిగి పెరగడం ఆమె గమనించారు. పెద్దవాళ్లలో అలా జరగడం చాలా తక్కువ. ఈ మాట విని “అదే పెరుగుతుందట” అని ఇంట్లో కూర్చోవద్దు. ఏ వేలిని కట్టుతో వదలవచ్చు, ఏ వేలికి ఆపరేషను కావాలి అనేది వేలిని కడిగి, ఎక్స్‌రే తీశాక డాక్టరు చెప్పే మాట.

కట్టు కట్టాక ఇంటి దగ్గర పని మీదే. తడవకూడదు. స్నానం చేయించేటప్పుడు చేతికి ప్లాస్టిక్ సంచి తొడిగి మణికట్టు దగ్గర వదులుగా కట్టండి, అయిపోగానే తీసేయండి. మట్టిలో ఆడనీయవద్దు. చెప్పిన రోజుకు కట్టు మార్పించుకోవడానికి రండి, నొప్పి లేదు కదా అని మానేయవద్దు. కట్టులోంచి వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, వేలి నుంచి అరచేతి వైపు ఎరుపు పాకినా చెప్పిన రోజు దాకా ఆగకండి. ఊడిన గోరు మళ్లీ పూర్తిగా రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మొదట గరుకుగా, గీతలతో వస్తుంది, కంగారు పడవద్దు.

ఆయాలకు, టీచర్లకు ఒక మాట. జరిగితే దాచకండి. తల్లికి ఫోను చేయండి. ఎన్ని గంటలకు జరిగిందో, ఏ తలుపో చెప్పండి. బిడ్డను తీసుకొని మీరే బయలుదేరండి, తల్లి ఆసుపత్రికి వచ్చి కలుసుకుంటుంది. తల్లులకు కూడా ఒక మాట. ఆ ఫోను వచ్చినప్పుడు ముందు బిడ్డ దగ్గరకు పరుగెత్తండి, తిట్టదలిస్తే తర్వాత తిట్టవచ్చు. ఊరంతా కేంద్రం మీదకు వెళ్లి గొడవ పడితే ఇంకోసారి ఇంకో ఆయా కాఫీ పొడి అద్ది “పడిపోయింది” అనే చెబుతుంది.

వెనుక వరుసలో ఒకామె చేయి ఎత్తుతున్నారు. ఏమంటున్నారు? “తలుపు తీసి ఉంచితే కుక్కలొచ్చేస్తాయి సిస్టరమ్మా, గుంటలు రోడ్డు మీదకి ఎలిపోతారు” అంటున్నారు. మంచి ప్రశ్న. పనిచేసే ఆయా అడిగే ప్రశ్న. తలుపు రోజంతా మూసి ఉంచనవసరం లేకుండా గుమ్మానికి అడ్డంగా రెండడుగుల ఎత్తు చెక్క పెట్టించండి. ద్వారబంధానికి రెండు పక్కలా గాడి కొట్టి పై నుంచి దించేలా చేయిస్తే మడతబందులే ఉండవు, నలగడానికి సందు ఉండదు. పెద్దవాళ్లు దాటి పోవచ్చు, అవసరమైతే ఒక్క ఊపులో పైకి తీసేయవచ్చు. పిల్లలకు బయట వీధి కనబడుతుంది, కుక్క లోపలికి రాదు. అన్నం, గుడ్డు వండే గదికి కూడా ఇదే పని చేస్తుంది. ఆ చెక్క ఎక్కే వయసు పిల్లలున్న చోట ఇంకొక అడుగు పెంచండి. కొలతలు కావలసిన వాళ్లు సమావేశం అయ్యాక ఆగండి, కాగితం మీద గీసి ఇస్తాను.

బెండకాయలు ఇంకా మూడు మిగిలాయి. మగవాళ్లు వెనక కూర్చొని సరిగా చూడలేదు. ఒక్కొక్కరే తలుపు దగ్గరకు రండి.